షాడో రిపోర్టు రాయడం నేర్పే మూడు రోజుల శిక్షణ: వెళ్ళొచ్చినదాన్నిగా నా మాట

ఈ శిక్షణకు వెళ్ళొచ్చా, డబ్బులు దండగ కావు గదా అని ఫోన్ చేసి అడిగేవాళ్ళు ఎక్కువయ్యారు. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పేకన్నా ఒకసారి రాసిపెడితే అందరికీ పనికొస్తుందని కూర్చున్నాను.

నాది నల్గొండ జిల్లా. మండల వికలాంగుల సమాఖ్యలో పదకొండేళ్ళుగా పనిచేస్తున్నాను. చిన్నప్పుడే పోలియో వచ్చింది. కుడికాలికి క్యాలిపర్, చంకలో కర్ర. పింఛను దరఖాస్తులు నింపడం, వైకల్యం ఎంత శాతమో తేల్చి సర్టిఫికెట్ ఇచ్చే సదరం పరీక్షకు స్లాటు బుక్ చేయించడం, క్యాంపుకి మనుషుల్ని తోలుకపోవడం, సోమవారం సోమవారం కలెక్టరేట్‌లో ప్రజావాణికి వెళ్ళడం, ఇదీ నా పని. ఇన్నేళ్ళలో రాసిన అర్జీల నకళ్ళు ఇంట్లో ఒక ట్రంకుపెట్టె నిండా ఉన్నాయి. నాకు అర్జీ రాయడం బాగా వచ్చు. అర్జీకి, నివేదికకు తేడా ఏమిటో మాత్రం ఈ మూడు రోజుల్లోనే తెలిసింది. నేను ఈ శిక్షణకు ఎక్కువ మార్కులు వేయడానికి ముఖ్య కారణం అదే.

శిక్షణ పెట్టింది హైదరాబాద్‌లోని ఒక చిన్న సంస్థ. పేరు రాయడం లేదు. వచ్చిన సంఘాల పేర్లుగానీ, మనుషుల పేర్లుగానీ, నిర్వాహకుల పేర్లుగానీ బయట రాయకూడదని మొదటి గంటలోనే అందరం మాట అనుకున్నాం. ఎందుకో కింద చెప్తాను. నాకు ఫోన్ చేసేవాళ్ళకు ఆ సంస్థ ఏదో ఎటూ తెలుసు. మనిషికి 1,800 రూపాయలు. అందులోనే రెండు రాత్రుల బస, మూడు పూటల తిండి. మనతో సాయానికి వచ్చినవాళ్ళకు రుసుము లేదు, ఇది మంచి ఏర్పాటు. తిండి బాగుంది, రెండోరోజు జొన్నరొట్టె, గోంగూర పెట్టారు. మేం 24 మందిమి. నల్గొండ, మహబూబ్‌నగర్, అనంతపురం, ప్రకాశం, పాడేరు వైపు నుంచి, ఇద్దరు విశాఖ నుంచి.

షాడో రిపోర్టంటే ఏమిటో తెలియనివాళ్ళ కోసం నాలుగు ముక్కలు. వికలాంగుల హక్కుల ఒప్పందాన్ని ఐక్యరాజ్యసమితి 2006 డిసెంబర్ 13న ఆమోదించింది. మన దేశం 2007 అక్టోబర్ 1న ధ్రువీకరించింది. ధ్రువీకరించిన దేశం మొదటి నివేదికను రెండేళ్ళలోపు, తర్వాత కనీసం నాలుగేళ్ళకోసారి పంపాలని ఆ ఒప్పందం 35వ అధికరణలో ఉంది. ప్రభుత్వం పంపే నివేదికలో ఏ చట్టం చేశాం, ఏ పథకం పెట్టాం, ఎంత ఖర్చు చేశాం అనేవి ఉంటాయి. ఆ చట్టం మా మండలాఫీసు గడప దాటిందా, ఆ పథకం మంచంలో ఉన్న మనిషి దాకా వచ్చిందా అన్నది సంఘాలు విడిగా రాసి పంపుతాయి. అదే షాడో రిపోర్టు. ప్రత్యామ్నాయ నివేదిక అనీ అంటారు. జెనీవాలో 18 మంది నిపుణుల కమిటీ రెండూ దగ్గర పెట్టుకుని ప్రభుత్వ ప్రతినిధులను ప్రశ్నలు అడుగుతుంది. ఆ తర్వాత తన పరిశీలనలు, సిఫార్సులు రాసి ఇస్తుంది.

మన దేశం వంతు ఎప్పుడొచ్చిందో తెలుసా? 2019 సెప్టెంబర్‌లో. ధ్రువీకరించిన పన్నెండేళ్ళకు. పౌర, రాజకీయ హక్కుల ఒప్పందం కింద అయితే 1997లో ఒకసారి సమీక్ష జరిగి, మళ్ళీ 2024 జూలైలో జరిగింది. మధ్యలో 27 ఏళ్ళు. ఈ అంకెలు చెప్పి శిక్షకురాలు కాసేపు ఆగింది. నా పక్కన కూర్చున్న అనంతపురం అక్క తన వేళ్ళమీద లెక్కేసుకుని, "నా కొడుకు పుట్టకముందు ఒకసారి, వాడికి పెళ్ళయినాక ఒకసారి" అన్నది. ఇంకో సంగతి కూడా అప్పుడే తెలిసింది. ఒక మనిషి తనకు జరిగిన అన్యాయంపై నేరుగా ఆ 18 మంది కమిటీకి ఫిర్యాదు చేసుకోవడానికి ప్రోటోకాల్ అనే వేరే అనుబంధ ఒప్పందం ఉంది. మన దేశం దానిలో చేరలేదు. అంటే ఎన్నేళ్ళకో వచ్చే ఆ సమీక్షే ఆ కమిటీ ముందు మా గోడు చెప్పుకునే అదను.

మొదటిరోజు పొద్దున, ఎవరి సమస్య మీద వాళ్ళు తెచ్చుకున్న కాగితాలతోనే మొదలుపెట్టించారు. ముందుగా ఉపన్యాసం పెట్టకపోవడం నాకు నచ్చింది. నేను మా పెద్దమ్మ వరస ఆవిడ ఫైలు తీసుకుపోయాను. మాది ఫ్లోరైడ్ నీళ్ళ ప్రాంతం. లీటరు నీటిలో ఫ్లోరైడ్ 1.5 మిల్లీగ్రాములు దాటకూడదంటారు, మా తరం తాగిన బోరు నీళ్ళలో ఎంతుందో మా పళ్ళు, ఎముకలే చెప్తాయి. ఇప్పుడు నల్లా నీళ్ళు వస్తున్నాయి, నిజమే. వంగిన నడుములు మాత్రం వంగే ఉన్నాయి. పెద్దమ్మ మెడ తిప్పలేదు, పక్కకు చూడాలంటే ఒళ్ళంతా తిరగాలి. సదరం క్యాంపులో ఆమెకు 40 శాతం రాలేదు. 40 లేకపోతే పింఛను లేదు. నేను ఆమె కోసం రాసిన అర్జీ పైకి చదివాను: "అయ్యా, మా పెద్దమ్మ నడుము వంగిపోయి నానా అవస్థలు పడుతున్నది. కావున తమరు దయతలచి..."

శిక్షకురాలు వృత్తిరీత్యా లాయరు. ఆమె "దయతలచి" దగ్గర ఆపింది. "అక్కా, నీ ట్రంకుపెట్టెలో ఎన్ని దయతలచిలు ఉన్నాయి?" అని అడిగింది. నాకు జవాబు రాలేదు. తర్వాత ఆమె బోర్డు మీద రాసినవి అయిదే ప్రశ్నలు. జరిగింది ఏమిటి? ఇట్లా ఇంకెంతమందికి? మీకెట్లా తెలుసు? ఏ హక్కు, ఏ అధికరణ? ఎవరు, ఎప్పటిలోగా, ఏం చేయాలి? ఆ పూట నేనూ, ప్రకాశం జిల్లా కనిగిరి వైపు నుంచి వచ్చిన తమ్ముడూ ఒక జట్టు. వాళ్ళదీ ఫ్లోరైడ్ నేలే. ఈ దేశంలో ఫ్లోరోసిస్‌ను మొట్టమొదట గుర్తించి రాసింది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల్లోనే అని అతనే చెప్పాడు. మా జిల్లా పేరే ఈ జబ్బుకు మారుపేరు అనుకునేదాన్ని, వాళ్ళ గోస మాకన్నా ముందటిది.

నా దగ్గరున్న నోటుబుక్కు తీశాం. నాలుగు ఊళ్ళలో నేను కలిసిన 23 మంది ఫ్లోరైడ్ బాధితుల వివరాలు అందులో ఉన్నాయి. ఎవరికెంత శాతం వచ్చిందో రాసుకున్నాను గానీ దాన్ని ఎప్పుడూ కూడి చూడలేదు. కూడితే తొమ్మిది మందికి 40 లోపు. ఆ తొమ్మిది మందిలో ఏడుగురు ఒకరి సాయం లేకుండా స్నానం చేయలేరు. ఈ రెండో అంకె బయటపడగానే ఆ గదిలో అందరూ మా వైపు తిరిగారు. కొలత మనిషి బతుకును కొలవట్లేదని చెప్పడానికి ఇంతకన్నా ఏం కావాలి! సాయంత్రానికి మా పేరా ఇట్లా తయారైంది:

"నాలుగు గ్రామాల్లో సంఘం కలిసిన 23 మంది ఫ్లోరోసిస్ బాధితుల్లో తొమ్మిది మందికి ధ్రువపత్రంలో 40 శాతం కన్నా తక్కువ వైకల్యం నమోదైంది. వీరిలో ఏడుగురు ఇతరుల సాయం లేకుండా స్నానం చేయలేరు. వికలాంగుల హక్కుల చట్టం, 2016 గుర్తించిన 21 రకాల వైకల్యాల్లో ఫ్లోరోసిస్ విడిగా లేదు. ఎముకల వంకర మేరకే చలన వైకల్యంగా లెక్కిస్తున్నారు. దీనివల్ల వీరికి పింఛను అందడం లేదు. ఇది ఒప్పందం 28వ అధికరణలోని సామాజిక రక్షణ హక్కుకు సంబంధించిన అంశం. రోజువారీ పనులు చేసుకోగల శక్తిని కూడా లెక్కలోకి తీసుకునేలా వైకల్య నిర్ధారణ మార్గదర్శకాలను ఏడాదిలోగా సవరించాలి."

ఇందులో దయ లేదు, కావున లేదు. పెద్దమ్మ పేరు కూడా లేదు. రాత్రి గదిలో దాన్ని నాలుగైదుసార్లు చదువుకున్నాను. మా పెద్దమ్మ కష్టం ఇందులో తగ్గిపోయిందా అని ముందు గుబులు పడ్డాను. మళ్ళీ చదివితే తగ్గలేదు. ఆమెతోపాటు ఇంకో ఎనిమిది మంది వచ్చి నిలబడ్డారు.

రెండోరోజు పొద్దున మాటల మీదే గడిచింది. నాకు ఎక్కువ నచ్చిన పూట ఇదే. మాకిచ్చిన తెలుగు పుస్తకంలో "సహేతుక సర్దుబాటు" అని ఒక మాట ఉంది. ఒప్పందంలో ఇది చాలా ముఖ్యమైన భావన: ఒక మనిషికి పని చేసుకోవడానికో చదువుకోవడానికో అవసరమైన మార్పును, మోయలేని భారం కానంతవరకు, ఆఫీసువాళ్ళో బడివాళ్ళో చేసి ఇవ్వాలి. చెయ్యకపోతే అది వివక్షే. పుస్తకంలోని వాక్యం చదవగానే మహబూబ్‌నగర్ నుంచి వచ్చిన ఒక అక్క చెయ్యెత్తింది. "ఇంకెంత సర్దుకోవాలె మేడం? పుట్టినకాడ్నుంచి సర్దుకుంటనే ఉన్నం గదా."

ఎవరూ నవ్వలేదు. ఆమె సరిగ్గానే అర్థం చేసుకుంది. తెలుగులో సర్దుబాటు అంటే సర్దుకుపోయేది మనమే. అత్తింట్లో సర్దుకో, బస్సులో సర్దుకో, జీతం తక్కువైతే సర్దుకో. అసలు భావం తిరగబడిపోయింది. శిక్షకులు అక్కడికక్కడే ఆ మాట కొట్టేసి, ఏం పెడదామని మమ్మల్నే అడిగారు. గంటసేపు వాదించుకుని "అవసరమైన వసతి" దగ్గర ఆగాం. సరైన మాట ఇదేనని నేను అనను. కానీ అప్పటినుంచి ఆ గదిలో ఎవరూ దాన్ని తప్పుగా అర్థం చేసుకోలేదు. అనువాదం తప్పని ఒక పార్టిసిపెంట్ చెప్తే విని దిద్దుకునే శిక్షణలు నేను ఎక్కువ చూడలేదు.

దాని తర్వాత "దివ్యాంగులు" మీద చర్చ. 2015 చివర్లో ప్రధాని ఈ మాట వాడమన్నప్పటి నుంచి ఆఫీసు బోర్డులన్నీ మారాయి. గదిలో సగంమందికి ఆ మాట ఇష్టమే, వికలాంగులు అంటే విరిగినట్టు వినపడుతుంది అన్నారు. మిగతా సగానికి అది పూజ గదిలో పెట్టి తాళం వేసినట్టు ఉంది. నేను రెండో సగం. దేవుడి అంశ అన్నాక ర్యాంపు ఎవరు కడతారు? 2019లో జెనీవా కమిటీ మన దేశంపై రాసిన పరిశీలనల్లో ఈ మాట గురించి కూడా ఉందని అప్పుడు చూపించారు. ఇది వివాదాస్పదంగా ఉన్న మాట అని కమిటీ గమనించి రాసింది. ఎక్కడో జెనీవాలో కూర్చున్నవాళ్ళకు ఈ సంగతి ఎట్లా తెలిసింది? ఇక్కడి సంఘాలు చెప్తేనే అటువంటివి అక్కడిదాకా పోతాయి. మనం రాసినదాన్ని అక్కడ ఎవరైనా చదువుతారా అన్న అనుమానం నాకు అప్పటిదాకా ఉండేది. అది పోయింది.

పేర్లు ఎందుకు రాయడం లేదో చెప్తానన్నాను. రెండోరోజు మధ్యాహ్నం ఒక సంఘం ఒక ఆడమనిషిపై జరిగిన దాడి గురించి రాసుకొచ్చింది. పేరు మార్చారు. ఊరి పేరు, జరిగిన నెల ఉంచారు, ఆమెకు చూపు లేదని రాశారు. అది చదవడం మొదలుకాగానే శిక్షకురాలు ఆపేసింది. "ఆ ఊళ్ళో చూపులేని ఆడవాళ్ళు ఎంతమంది?" ఒక్కతే. పేరు మార్చి ఏం లాభం? ఊళ్ళో అందరికీ ఆమె ఎవరో తెలిసిపోతుంది. ఆమెను అడిగారా అన్నది రెండో ప్రశ్న. వాళ్ళ అన్నను అడిగారట. ఆమెను అడగలేదు. ఆ కాగితాన్ని అక్కడే వెనక్కి తీసుకున్నారు. ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల మండలి జరిపే సార్వత్రిక సమీక్షకు పంపేవి పంపినవాళ్ళ పేరుతో సహా వెబ్‌సైట్‌లో అందరికీ కనపడతాయని, రహస్యంగా ఉంచండి అనే వీలు అక్కడ లేదని చెప్పారు. పదకొండేళ్ళుగా నేను మనుషుల ఫోటోలు, సర్టిఫికెట్ల నకళ్ళు వాట్సాప్‌లో ఎంతమందికి పంపానో తలుచుకుంటే కడుపులో దేవినట్టయింది. తిరిగొచ్చిన వారంలో మా గ్రూపులోంచి నేను పెట్టినవి నాకు చేతనైనంత మేర తీసేశాను. ఇప్పుడు ఎవరిదైనా రాసుకునేముందు వాళ్ళకే చదివి వినిపిస్తున్నాను.

ఈ సార్వత్రిక సమీక్ష వేరే దారి. నాలుగున్నరేళ్ళకోసారి ప్రతి దేశాన్నీ మిగతా దేశాలే ప్రశ్నిస్తాయి, సిఫార్సులు చేస్తాయి. మన వంతు 2008, 2012, 2017, 2022ల్లో వచ్చింది. సంఘాలు దీనికి పంపే నివేదికకు మాటల హద్దు కచ్చితం: ఒక్క సంఘం పంపితే 2,815 మాటలు, కొన్ని సంఘాలు కలిసి పంపితే 5,630. మా గుంపు చిత్తుప్రతి తెలుగులో 2,600 దగ్గర ఆగింది. హమ్మయ్య అనుకున్నాం. ఇంగ్లీషులోకి మార్చేసరికి హద్దు ఎక్కడో వెనకబడిపోయింది. "వెళ్ళలేకపోయాను" అని మనం ఒక్క మాటలో అనేస్తాం, ఇంగ్లీషులో అదే నాలుగైదు మాటలు. తెలుగులో రాసుకునేవాళ్ళు మొదటినుంచీ సగం హద్దులోనే ఉండాలని నాకు అనిపించింది. ఇది శిక్షణలో చెప్పలేదు, చెప్పి ఉండాల్సింది. ఒక పూట పని వృథా అయింది.

సిఫార్సుల మీద చెప్పిన పాఠం మాత్రం బంగారం. 2017 సమీక్షలో మన దేశానికి 250 సిఫార్సులు వస్తే 152 ఒప్పుకున్నారు. వాటిలో కొన్ని మాకు తెలుగులో చదివి వినిపించి, వాక్యం చివరి క్రియ చూడమన్నారు. "పరిశీలించాలి", "కొనసాగించాలి", "మరింత బలోపేతం చేయాలి". ఇటువంటివి ఒప్పుకోవడం తేలిక, ఎందుకంటే ఏమీ చేయకపోయినా కొనసాగిస్తూనే ఉన్నామనొచ్చు. "ఫలానా తేదీలోగా సవరించాలి", "ఫలానా నిధి కేటాయించాలి" అంటే తప్పించుకోవడం కష్టం. ఆ రోజు మా అందరి కాగితాల్లోంచీ "తగు చర్యలు తీసుకోవాలి" అనే వాక్యాలను ఎర్రపెన్నుతో కొట్టేశారు. నా కాగితంలోనే ఆరు చోట్ల ఉంది.

ఇక లోపాలు. వీటిని దాచి రాస్తే నా మాట నమ్మాల్సిన పని లేదు.

అన్నిటికన్నా పెద్దది బాత్రూం. వికలాంగుల హక్కుల మీద శిక్షణ పెట్టి, చక్రాల కుర్చీ లోపలికి పోని బాత్రూం ఉన్న హాలు తీసుకున్నారు. తలుపు ఇరుకు, గడప ఎత్తు. మెట్ల పక్కన వాలు ఒకటి ఉంది గానీ అది మోటార్ సైకిల్ ఎక్కించడానికి కట్టింది. ర్యాంపంటే ఒక అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవుండాలి. కుర్చీలో వచ్చిన ఇద్దరు ఆడవాళ్ళు మొదటిరోజు పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం బసకు చేరేదాకా నీళ్ళు తాగలేదు. ఎందుకు తాగలేదో మాకు తెలుసు. బయటికి వెళ్ళిన ప్రతిసారీ మేమందరం అదే చేస్తాం. అదే రోజు మధ్యాహ్నం, ప్రజలు వాడే పాత భవనాలన్నిటినీ అందరూ వాడుకునేలా అయిదేళ్ళలో మార్చాలని 2016 చట్టం 45వ సెక్షన్ చెప్తుందని, 2017లో నియమాలు వచ్చాయి గనక ఆ గడువు 2022లోనే దాటిందని పాఠం చెప్పారు. వసతుల ప్రమాణాలు సలహాలుగా ఉంటే చాలదు, తప్పనిసరి కావాలని సుప్రీంకోర్టు 2024 నవంబర్‌లో తీర్పిచ్చిందని, ఆ కేసులో కోర్టు కోసం దేశమంతా చూసి నివేదిక ఇచ్చింది మన హైదరాబాద్ నల్సార్ లా యూనివర్సిటీలోని వైకల్య అధ్యయన కేంద్రమని చెప్పారు. అది విని సంతోషించేంతలో పక్కన కుర్చీలో ఉన్న ఆమె ముఖం చూశాను. లేచి అడిగేశాను. నిర్వాహకులు అందరిముందూ క్షమాపణ చెప్పి, రెండోరోజుకు పక్క వీధిలో వేరే చోటు చూశారు. అక్కడ అంతా సరిగా ఉంది. అంటే అటువంటి చోటు దొరుకుతుంది, ముందే వెతకలేదు.

విశాఖ నుంచి వచ్చిన ఇద్దరూ వినికిడి లేనివాళ్ళు. సంజ్ఞా భాష అనువాదకురాలు మొదటిరోజు మధ్యాహ్నమే వెళ్ళిపోయింది, ఒక పూటకే మాట్లాడుకున్నారట. మిగతా పూట ఆ ఇద్దరూ మా పెదాల వైపు చూస్తూ కూర్చున్నారు. వాళ్ళూ 1,800 కట్టారు. పట్టుబట్టి అడిగితే రెండోరోజు నుంచి పూర్తిగా ఉంచారు. ఈ ఖర్చు మొదటే బడ్జెట్‌లో ఉండాలి, అడిగించుకోకూడదు.

తెలుగు పుస్తకం అచ్చు అందంగా ఉంది. కంప్యూటర్ ఫైలు మాత్రం పాత డీటీపీ ఫాంటులో చేసింది. చూపులేని శిక్షకుడు ఒకాయన ఉన్నారు, స్క్రీన్ రీడర్‌తో చకచకా పనిచేస్తారు. ఆ ఫైలు తెరిస్తే ఆయన యంత్రం అర్థంలేని అక్షరాలు చదివింది. తన సంస్థ వేసిన పుస్తకాన్ని ఆయనే చదవలేకపోయారు. యూనికోడ్‌లో మళ్ళీ చేయిస్తామన్నారు. నాకు కొత్త ఫైలు నెల తర్వాత వచ్చింది, ఫోనులో చదివించి చూశాను, బాగానే చదువుతోంది.

మూడోరోజు సమాచార హక్కు మీద. నాకు కొంత తెలిసిన విషయమే అయినా ఒక మెలకువ కొత్తగా దొరికింది. "మా వాళ్ళకు పింఛను ఎందుకు రావడం లేదు" అని అడిగితే జవాబు రాదు, ఎందుకంటే ఆ చట్టం కింద వాళ్ళు ఇవ్వాల్సింది రికార్డులో ఉన్నది, కారణాలు కాదు. "ఫలానా సంవత్సరాల్లో మా మండలం నుంచి పరీక్షకు వచ్చినవారు ఎంతమంది, 40 శాతం లోపు వచ్చినవారు ఎంతమంది, ఆ రిజిస్టరు నకలు ఇవ్వండి" అని అడగాలి. పాడేరు వైపు నుంచి వచ్చినాయన సికిల్ సెల్ అనే రక్త జబ్బు బాధితుల మీద ఇటువంటి ప్రశ్నలే తయారుచేసుకున్నాడు. ఆ 21 రకాల్లో సికిల్ సెల్ ఉంది. పేరు జాబితాలో ఉన్న వాళ్ళకు కూడా కొండ దిగి పరీక్షకు రావడానికే రెండు రోజులు పోతోందని ఆయన చెప్పాడు.

శిక్షణ తర్వాత రెండు నెలలు వెంట ఉండి సాయం చేస్తామన్నారు. మొదటి ఆన్‌లైన్ కాల్ రెండు గంటలు ఓపిగ్గా మాట్లాడారు. రెండోది రెండుసార్లు వాయిదా పడింది. నా చిత్తుప్రతి మీద రాసి పంపిన వ్యాఖ్యలన్నీ ఇంగ్లీషులో ఉన్నాయి. మా అన్న కూతురు డిగ్రీ చదువుతోంది, ఆమె కూర్చుని చెప్తే అర్థమైంది. అన్న కూతురు లేనివాళ్ళ సంగతి? తెలుగులో నేర్పి ఇంగ్లీషులో దిద్దితే సగం దారిలో చెయ్యి వదిలినట్టే. ఈ సంగతి వాళ్ళకు ఉత్తరం రాశాను, ఇకమీదట ఫోనులో తెలుగులో మాట్లాడి రికార్డు చేసి పంపుతామని జవాబిచ్చారు.

అయిదుకు నాలుగు మార్కులు వేస్తాను. పోయిన ఒక మార్కు బాత్రూంకే. మీ దగ్గర కనీసం పదిమంది వివరాలున్న నోటుబుక్కు ఉంటే వెళ్ళండి, చాలా పనికొస్తుంది. ఉత్తచేతులతో వెళ్తే మొదటిరోజే వెనకబడతారు. సంఘం నుంచి ఇద్దరు వెళ్ళండి, ఒకరు రాసేవాళ్ళు, ఒకరు ఊళ్ళు తిరిగేవాళ్ళు. వెళ్ళేముందు ఫోన్ చేసి బాత్రూం తలుపు వెడల్పు అడగండి, మొహమాటపడకండి.

మా నివేదికలో ఫ్లోరోసిస్ భాగాన్ని నేనూ, కనిగిరి తమ్ముడూ కలిసి రాస్తున్నాం. రెండు రాష్ట్రాల అంకెలూ ఒకే పట్టికలో పెట్టాలని మా ఆలోచన. అతని వైపువి వచ్చేశాయి. నావైపు 23 మంది లెక్క ఉంది గానీ మండలం మొత్తం అంకె కావాలి. దానికోసం పది రూపాయల ఫీజు కట్టి జిల్లా ఆఫీసుకు సమాచార హక్కు దరఖాస్తు పెట్టాను. గడువు 30 రోజులు. ఇవాళ్టికి 22 అయ్యాయి. మా చిత్తుప్రతిలో 14వ పేరా దగ్గర ఆ అంకె కోసం ఖాళీ వదిలి ఉంచాం.